మారథాన్ గంటలు ఎవరి ఖాతాలోంచి?

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. దాన్ని నాలుగున్నర గంటల్లో ముగించగలిగే మామూలు ఉద్యోగి ఆ ఒక్క ఉదయం కోసం 16 వారాలు సాధన చేస్తాడు. వారానికి 6 గంటల చొప్పున వేసుకున్నా 96 గంటలు. పోటీ రోజున జనానికి కనపడేదానికి ఇరవై రెట్లకు పైగా కాలం ఎవరికీ కనపడకుండా ఖర్చవుతుంది. ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు, ఏ వేగంతో పరుగెత్తాలో శిక్షణ పట్టికలు చక్కగా చెబుతాయి. ఆ గంటలు నిద్రలోంచి తీయాలా, ఆఫీసులోంచి తీయాలా, పిల్లలతో గడిపే సాయంత్రంలోంచి తీయాలా అన్నది మాత్రం ఏ పట్టికలోనూ ఉండదు. ఈ కథనం ఆ లెక్క గురించే.

ముందుగా దూరాలు. హాఫ్ మారథాన్ 21.1 కి.మీ. ట్రయథ్లాన్‌లో ఈత, సైకిల్, పరుగు విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటి సాగుతాయి. అందులో చిన్నది స్ప్రింట్: 750 మీటర్ల ఈత, 20 కి.మీ. సైకిల్, 5 కి.మీ. పరుగు. ఒలింపిక్ దూరం 1.5, 40, 10 కి.మీ. హాఫ్ ఐరన్‌మ్యాన్ 1.9, 90, 21.1, మూడూ కలిపితే 70.3 మైళ్లు, అందుకే దాని అధికారిక పేరులోనే ఆ అంకె ఉంటుంది. పూర్తి ఐరన్‌మ్యాన్ 3.8, 180, 42.2. దాన్ని సాధారణంగా 17 గంటల్లోపు ముగించాలి. 50 మీటర్ల కొలనులో 3.8 కి.మీ. అంటే 76 సార్లు ఈ గోడ నుంచి ఆ గోడకు ఈదడం.

ఈ అంకెలు చూసి బెదిరిపోయే ముందు అవి ఎలా పుట్టాయో తెలుసుకోవడం మంచిది. 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో జరిగిన తొలి మారథాన్ సుమారు 40 కి.మీ. మాత్రమే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటికి ఎదురుగా ముగించడంతో అది 42.195 అయింది. 1921లో అదే ప్రమాణంగా స్థిరపడింది. ఐరన్‌మ్యాన్ పుట్టుకా ఇలాంటిదే. హవాయిలోని ఒవాహు దీవిలో అప్పటికే విడివిడిగా ఉన్న ఒక సముద్రపు ఈత పోటీని, దీవి చుట్టూ తిరిగే సైకిల్ పోటీని, హొనొలులు మారథాన్‌ను ఒకే రోజులోకి చేర్చాలని అమెరికా నౌకాదళ అధికారి జాన్ కాలిన్స్, ఆయన భార్య జూడీ తలపెట్టారు. 1978 ఫిబ్రవరి 18న 15 మంది బయల్దేరితే 12 మంది పూర్తి చేశారు. మొదట వచ్చిన గోర్డన్ హాలర్‌కు 11 గంటల 46 నిమిషాలు పట్టింది. ఉద్యోగం చేసుకుంటూ పిల్లల్ని పెంచుకునే మనిషికి వారంలో ఎంత తీరిక ఉంటుందో చూసి ఎవరూ ఈ దూరాలు నిర్ణయించలేదు. కాబట్టి 21 కి.మీ. ఎంచుకున్నవారు 42 కి.మీ. ఎంచుకున్నవారి కన్నా తక్కువ వాళ్లేమీ కాదు. ఎవరి వారానికి ఏది ఇముడుతుందో అదే వారి దూరం.

ఇక వారం సంగతి. మొత్తం 168 గంటలు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు ఉన్న ఒక ఇంటిని ఊహించుకుందాం. నిద్ర రోజుకు 7 గంటల లెక్కన 49. ఆఫీసు ఐదు రోజులు, రోజుకు 9 గంటలు, 45. ఎల్బీ నగర్ నుంచో కొంపల్లి నుంచో గచ్చిబౌలి వైపు రాకపోకలకు రోజుకు 2 గంటలు, 10. స్నానం, తిండి వగైరాలకు రోజుకు 2 గంటలు, 14. వంటింటి పని, పిల్లల చదువు, సరుకులు, కరెంటు బిల్లు, అమ్మానాన్నల ఆసుపత్రి పనులు కలిపి రోజుకు 3 గంటలు, 21. ఇవన్నీ కూడితే 139. మిగిలేది 29 గంటలు. స్నేహితులు, పెళ్లిళ్లు, సినిమా, ఫోను, ఏ పనీ లేకుండా కాసేపు కూర్చోవడం, అన్నీ ఈ 29లోనే సర్దుకోవాలి.

ఈ 29లోంచి శిక్షణకు ఎంత పోతుంది? హాఫ్ మారథాన్‌కు వారానికి 4 గంటలు, మారథాన్‌కు 6, హాఫ్ ఐరన్‌మ్యాన్‌కు 9 లేదా 10, పూర్తి ఐరన్‌మ్యాన్‌కు 12 నుంచి 15. ఉద్యోగస్థులకు ఇవి అందుబాటు అంచనాలు. కాగితం మీద చూస్తే 29లో 10 పెద్ద సమస్యగా అనిపించదు. చిక్కంతా ఈ గంటలకు తోకలుండటంలో ఉంది.

మారథాన్ వారాన్నే విప్పి చూద్దాం. మంగళవారం 50 నిమిషాలు, గురువారం 60, శనివారం 40, ఆదివారం లాంగ్ రన్ 150. పరుగు మొత్తం 300 నిమిషాలు. రెండు రోజులు ఇంట్లోనే 25 నిమిషాల చొప్పున కండరాల బలానికి వ్యాయామం కలిపితే 5 గంటల 50 నిమిషాలు. ఇప్పుడు తోకలు. మామూలు రోజుల్లో బూట్లు తొడుక్కోవడం, వార్మప్, చెమటారడం, స్నానం కలిపి పూటకు 25 నిమిషాలు. మూడు పూటలకు 75. ఆదివారం కేబీఆర్ పార్కు దాకానో నెక్లెస్ రోడ్డు దాకానో కారులో పోనురానూ గంట, పరుగయ్యాక సాగదీతలు, తోటివారితో ఇడ్లీ, టీ ముప్పావుగంట, మొత్తం 105. అంటే మరో 3 గంటలు. పట్టికలో 5.50 అని ఉన్నది ఇంటి గడియారంలో 8.50 అవుతుంది.

హాఫ్ ఐరన్‌మ్యాన్‌కు తోక ఇంకా పొడుగు. వారానికి రెండుసార్లు 45 నిమిషాల ఈత, రెండుసార్లు ఇంట్లోనే సైకిల్‌ను బిగించి తొక్కే ట్రైనర్ మీద గంట చొప్పున సాధన, ఒకసారి రోడ్డు మీద 3 గంటలు, మూడు పరుగులు కలిపి 3 గంటలు. మొత్తం తొమ్మిదిన్నర. కొలను దాకా వెళ్లి, బట్టలు మార్చుకుని, తిరిగి రావడానికి ప్రతి ఈతకూ 70 నిమిషాలు అదనం. ఈదేది 45, ఈదడానికి పట్టే అదనం 70. సైకిల్‌ను కారుకు కట్టుకుని ఔటర్ రింగ్ రోడ్డు వైపు వెళ్లి రావడం, చక్రాల్లో గాలి చూసుకోవడం, గొలుసు తుడవడం 110. ట్రైనర్ పూటలకు, పరుగులకు కలిపి మరో 105. లెక్క తేలితే 15 గంటల 25 నిమిషాలు. మిగిలిన 29లో సగం పైన. ఈ లెక్క వేసుకోకుండా ఎంట్రీ ఫీజు కట్టేస్తే మూడో నెలకల్లా ఇంట్లో మాటలు తగ్గిపోతాయి, ఒంట్లో నొప్పులు పెరుగుతాయి.

అందుకే శిక్షణ గంటలు తగ్గించడం కన్నా ముందు తోకలు కోయాలి. ఇంటి గేటు దగ్గరే మొదలయ్యే పరుగు, ఎంత అందమైన పార్కులో పరుగు కన్నా కూడా మెరుగు. ఆఫీసు దారిలో కొలను దొరికితే సాయంత్రం ట్రాఫిక్ తగ్గేదాకా అందులో ఉండటం రెండు విధాల లాభం. 2023 అక్టోబర్‌లో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ప్రారంభమైన 23 కి.మీ. సైకిల్ ట్రాక్‌కు పైన సౌర ఫలకాల కప్పు ఉంది. నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఉన్న 14.5 కి.మీ. భాగంలో మూడుసార్లు వెళ్లొస్తే 87 కి.మీ., దాదాపు హాఫ్ ఐరన్‌మ్యాన్ సైకిల్ దూరం. లారీల మధ్య భయపడుతూ తొక్కే అవసరం తప్పించిందన్న ఒక్క కారణానికే ఆ దారి విలువైనది. ఇంటివాళ్లకు కూడా ఆ మూడు గంటలు గుండె చేతిలో పట్టుకుని కూర్చోవలసిన పని ఉండదు.

తోకలు కోసినా చాలకపోతే చాలామంది చేయి పెట్టేది నిద్రలో. పొద్దున నాలుగున్నరకు లేవాలంటే, 7 గంటల నిద్ర కోసం రాత్రి తొమ్మిదిన్నరకల్లా కన్ను మూతపడాలి. మన ఇళ్లలో తొమ్మిదింటికి అన్నాలే కావు. అమెరికా జట్టుతో పనిచేసేవారికి రాత్రి 9 అంటే కాలిఫోర్నియాలో వేసవిలో ఉదయం ఎనిమిదిన్నర, మీటింగులు మొదలయ్యే వేళ. పదకొండుకు పడుకుని నాలుగున్నరకు లేస్తే ఐదున్నర గంటల నిద్ర; అలా ఐదు రోజులైతే ఏడున్నర గంటల లోటు, అంటే వారానికి ఒక రాత్రి మొత్తం మాయమైనట్టు. అమెరికాలో బడి వయసు ఆటగాళ్లపై 2014లో వెలువడిన ఒక అధ్యయనంలో 8 గంటల కన్నా తక్కువ నిద్రపోయేవారికి గాయాల అవకాశం 1.7 రెట్లు ఉన్నట్టు తేలింది. పెద్దలకు అదే అంకె వర్తిస్తుందని చెప్పలేం కానీ, కండరం మరమ్మతుకు నిద్ర చాలా ముఖ్యం. పరుగు కోసం నిద్ర కోసేవాడు కూలి చేసి, కూలి డబ్బులు తీసుకోకుండా ఇంటికి వెళ్లేవాడి లాంటివాడు. నా మాట అడిగితే, రాత్రి ఆలస్యమైన మర్నాడు అలారం ఆపేసి పడుకోవడమే ఆ రోజు శిక్షణ. తెల్లవారుజాము లేపులు వారానికి మూడింటికి మించకూడదు.

నిద్రను కాపాడుకుంటే ఇక మిగిలింది ఇల్లు. అన్నిటికన్నా బరువైన అంకెలు ఇక్కడే ఉన్నాయి. కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొనే మహిళలు రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పనుల్లో పాల్గొనే పురుషులు 88 నిమిషాలు. 2019లో ఇవి 299, 97. ఐదేళ్లలో ఇద్దరికీ చెరో పది నిమిషాల దాకా తగ్గాయి తప్ప మధ్యలో ఉన్న 200 నిమిషాల అగాధం అలాగే ఉంది. వారానికి లెక్కేస్తే అది 23 గంటల పైమాటే, రెండు మారథాన్ శిక్షణ వారాలు పట్టేంత.

ఈ అంకెల పక్కన ఆదివారం లాంగ్ రన్‌ను పెట్టి చూడండి. భర్త నాలుగున్నరకు వెళ్లి తొమ్మిదిన్నరకు వస్తాడు. స్నానం, టిఫిను, తర్వాత రెండు గంటల నిద్ర. లేచేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. పిల్లల నిద్రలేపులు, పాలు, తలంట్లు, డ్రాయింగ్ క్లాసుకు దింపి రావడం, కూరగాయలు, వంట అన్నీ ఈలోపే అయిపోయాయి. ఎవరో చేశారు. ఆ లాంగ్ రన్‌కు పట్టిన కాలం రెండున్నర గంటలని పట్టిక అంటుంది. ఇంటికి ఆ మనిషి అందుబాటులో లేని కాలం ఎనిమిదిన్నర గంటలు. ఫినిషర్ మెడల్ ఒకరి మెడలో పడుతుంది, ఆ ఎనిమిదిన్నర గంటలు మరొకరి ఖాతాలోంచి పోతాయి. దీన్ని నేను చాలా తీవ్రంగా తీసుకుంటాను. కుటుంబానికి చెప్పి చేయడం వేరు, కుటుంబంతో లెక్క చూసుకుని చేయడం వేరు.

పరుగెత్తేది ఆమె అయితే లెక్క మరీ ఇరుకు. తెల్లవారకముందు ఒంటరిగా రోడ్డెక్కడం చాలామంది స్త్రీలకు కుదరని పని, కుదరకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు. హైదరాబాద్‌లో జూన్‌లో సూర్యుడు 5.40 ప్రాంతంలో ఉదయిస్తాడు, జనవరిలో 6.45 దాటుతుంది. బడి బస్సు ఏడున్నరకు వస్తుందనుకుంటే, వేసవిలో వెలుతురుకూ బస్సుకూ మధ్య దాదాపు రెండు గంటలు, చలికాలంలో ముప్పావుగంట. ఆ ముప్పావుగంటలోనే లంచ్ బాక్సులు. అంటే జనవరి పోటీకి సిద్ధమయ్యే తల్లికి ఆ బాక్సులు కట్టే బాధ్యత వారానికి మూడు రోజులు మరొకరు తీసుకోకపోతే శిక్షణే లేదు. శనివారం ఆమె లాంగ్ రన్, ఆదివారం అతని లాంగ్ రన్ అని పంచుకున్న ఇళ్లలో ఇది సాగుతుంది. పరుగు తర్వాతి పగటి నిద్రను ముప్పావుగంటకు కుదించుకోవడం కూడా ఆ ఒప్పందంలో భాగమే కావాలి.

వారం తర్వాత కేలండర్. హైదరాబాద్ మారథాన్ సాధారణంగా ఆగస్టు చివర్లో ఒక ఆదివారం. అక్కడి నుంచి 16 వారాలు వెనక్కి లెక్కిస్తే మే మొదటి వారం: ఎండలు 40 డిగ్రీలు, బడి సెలవులు, అమ్మమ్మగారి ఊరు, పెళ్లి ముహూర్తాలు. ఈ పోటీలో ఫ్లైఓవర్లు, బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు కూడా ఉంటాయి కాబట్టి ఎత్తెక్కే పరుగులకూ వారాలు కావాలి. ముంబై మారథాన్ జనవరి మూడో ఆదివారం, అంటే 15 నుంచి 21 మధ్య ఎప్పుడైనా. దాని శిక్షణ దసరా దగ్గర మొదలై, దీపావళి మీదుగా సాగి, సంక్రాంతి వేళకు ముగుస్తుంది. పోటీ వారంలో భోగి మంట దగ్గర తెల్లవారుజామునే లేచి ఉండటం, అరిసెలు, సకినాలు, కిక్కిరిసిన బస్సులో ఊరి ప్రయాణం. గోవాలో జరిగే హాఫ్ ఐరన్‌మ్యాన్ అక్టోబర్, నవంబర్ నెలల్లో వస్తుంది కాబట్టి దాని సైకిల్ సాధన అంతా వానాకాలంలోనే. పండగలను శిక్షణకు అడ్డంకులుగా చూసేవారంటే నాకు జాలి. పండగ వారాన్ని ముందే విశ్రాంతి వారంగా రాసి పెట్టుకుంటే అసలు ఏ గొడవా ఉండదు.

అలా రాసుకుంటే నష్టపోతామా? ఇక్కడ విజ్ఞానం మన పక్షానే ఉంది. 1981లో అమెరికాలో హిక్సన్, రోజెన్‌కోటర్ అనే పరిశోధకులు వారానికి 6 రోజుల చొప్పున 10 వారాలు గట్టిగా సాధన చేసినవారిని తీసుకుని, తర్వాతి 15 వారాలు కొందరికి 4 రోజులకు, కొందరికి 2 రోజులకు తగ్గించారు. చేసే రోజున తీవ్రత తగ్గించకుండా ఉంటే, రెండు రోజుల వాళ్లు కూడా శరీరం ఆక్సిజన్‌ను వాడుకునే గరిష్ఠ సామర్థ్యాన్ని నిలబెట్టుకున్నారు. పూర్తిగా మానేస్తే మాత్రం ఈ సామర్థ్యం మూడు వారాల్లో 7 శాతం దాకా పడిపోతుందని 1984లో కాయిల్ బృందం చూపించింది. పిల్లాడికి జ్వరమొచ్చిన వారం, ఆఫీసులో రిలీజ్ ఉన్న వారం రెండే రెండు చిన్న పరుగులు తీసినా చాలు. ఏమీ పోదు.

మారథాన్‌కు 16 వారాలు, వారానికి 4 పరుగులు, మొత్తం 64. అందులో 10 పోతాయని మొదటి రోజే అనుకోవాలి. 54 తీస్తే 84 శాతం, హాయిగా సరిపోతుంది. పోయిన లాంగ్ రన్‌ను మంగళవారం రాత్రి తీర్చేయబోవడం మాత్రం మోకాలికి, సంసారానికి రెండింటికీ చేటు. పోయింది పోయినట్టే వదిలేయాలి. వారానికి మూడే పరుగులతో, మిగతా రెండు రోజులు సైకిల్ లేదా ఈతతో మారథాన్‌కు తయారయ్యే పద్ధతి కూడా అమెరికాలో ఫర్మన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చి బాగా వాడుకలో ఉంది.

మరో అంకె 80:20. దిట్టలైన క్రీడాకారుల సాధనను పరిశీలించిన స్టీఫెన్ సైలర్, వారు పదింట దాదాపు ఎనిమిది పూటలు తేలిగ్గానే చేస్తారని గమనించాడు. తేలిక అంటే పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత. సమయం లేనివాళ్లు దీనికి తలకిందులుగా, ఉన్న నాలుగు పూటలూ ఆయాసపడేలా పరుగెత్తి సాయంత్రానికి ఇంట్లో ఎవరు పలకరించినా విసుక్కునే స్థితికి వస్తారు. తేలిక పరుగు మనిషిని మిగతా రోజుకు మిగులుస్తుంది. వారానికి 10 శాతానికి మించి దూరం పెంచకూడదన్న నియమం కూడా అందరూ అనుకున్నంత పవిత్రమైనదేం కాదు. నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్త రన్నర్లపై 2008లో వెలువడిన పరీక్షలో ఆ నియమం పాటించినవారిలో 20.8 శాతం, పాటించనివారిలో 20.3 శాతం గాయపడ్డారు. ఏ పట్టికనూ కళ్లుమూసుకుని నమ్మకుండా, ఆ వారం ఎలాంటి వారమో చూసుకోవాలి. చివరి రెండు వారాల్లో దూరాన్ని 41 నుంచి 60 శాతం తగ్గించడం మంచి ఫలితం ఇస్తుందని 2007లో పలు అధ్యయనాలను క్రోడీకరించిన విశ్లేషణ చెబుతోంది. ముంబై పోటీ అయితే ఆ తగ్గింపు సంక్రాంతికి అతికినట్టు సరిపోతుంది.

తిండి గురించి కొద్దిగా. 70 కిలోల మనిషికి మారథాన్‌లో సుమారు 2,950 కిలోకేలరీలు ఖర్చవుతాయి. కండరాల్లో, కాలేయంలో దాగి ఉండే పిండిపదార్థపు నిల్వ మహా అయితే 2,000. ముప్పై కిలోమీటర్ల దగ్గర కాళ్లు మొరాయించేది అందుకే. దారిలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోమనేదీ అందుకే. రోజువారీ మాంసకృత్తుల విషయానికొస్తే, హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు కిలో బరువుకు 0.83 గ్రాములు సిఫారసు చేస్తుంది. 70 కిలోలకు 58 గ్రాములు. దూరపు పరుగులవారికి కిలోకు 1.2 నుంచి 1.6 చెబుతారు, అంటే 84 నుంచి 112. కనీసం 26 గ్రాముల తేడా. దీని కోసం ఇంట్లో వేరే వంట పెట్టించడం ఇంకొకరి గంటలు తినడమే. 50 గ్రాముల మీల్‌మేకర్ అందరి కూరలోనే వేసుకుంటే ఆ 26 అందులోనే వచ్చేస్తుంది. కోడిగుడ్డు తినేవారికి రెండు గుడ్లు, గుప్పెడు వేయించిన పల్లీలు, ఒక గిన్నెడు పప్పు.

ఇంత లెక్కా పోటీ రోజుతో ముగియదు. మారథాన్ తర్వాత రెండు వారాలు ఒళ్లు కోలుకోవాలి, పరుగు దాదాపు ఉండదు. వారానికి 8 గంటల 50 నిమిషాలు ఒక్కసారిగా చేతికొస్తాయి. చాలామంది ఆ రెండు వారాల్లోనే తర్వాతి పోటీ వెతుక్కుని పేరు నమోదు చేసుకుంటారు. ఆ గంటలు ముందు ఇంటికి తిరిగి చెల్లించాలి. ఆదివారం పొద్దున్న పిల్లలు నిద్ర లేచేసరికి ఇంట్లో ఉండాలి, వంట తన చేతిమీదుగా జరగాలి. ఆగస్టు చివర హైదరాబాద్‌లో ఆయన పరుగు అయిపోతే, నవంబర్, డిసెంబర్ నెలల్లో విశాఖ బీచ్ రోడ్డు మీద నేవీ మారథాన్ ఉంటుంది. హాఫ్‌కు 12 వారాల శిక్షణ సరిపోతుంది కాబట్టి సెప్టెంబర్‌లో మొదలుపెట్టవచ్చు. ఆ 12 వారాలూ తెల్లవారుజాము అలారం ఆమెది, లంచ్ బాక్సులు ఆయనవి.